అబ్లేషన్ తర్వాత గుండె కుదురుకునే దాకా: నా అనుభవం

గుండె లయ సరిచేయడానికి అబ్లేషన్ చేయించుకున్నాక కూడా కొన్నాళ్లు లయ తప్పుతుందని ముందుగా ఎవరైనా అర్థమయ్యేలా చెప్పి ఉంటే, నాకు ఆ తొలి నెలలు అంత భయంతో గడిచేవి కావు. డిశ్చార్జి కాగితాల్లో ఒక్క వాక్యం ఉంది: "కొద్ది వారాలు దడ ఉండవచ్చు." అంతే. ఆ దడ ఎన్ని రకాలుగా వస్తుందో, ఏది వస్తే ఊరుకోవచ్చో, ఏది వస్తే వెంటనే బయల్దేరాలో అందులో లేదు. తర్వాత డాక్టర్ గారిని అడిగి, ఈసీజీలు తీయించుకుని ఒక్కొక్కటిగా తెలుసుకున్నాను. ఇప్పుడు ఇదే దశలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

నాకున్న సమస్య ఏట్రియల్ ఫిబ్రిలేషన్. వాడుకలో ఏఫిబ్ అంటారు. ఇందులో గుండె పై గదులు కుదురుగా ముడుచుకోవడం మానేసి నిమిషానికి కొన్ని వందల సార్లు అస్తవ్యస్తంగా వణుకుతాయి. ఆ వణుకు పుట్టించే విద్యుత్ సంకేతాలన్నీ కింది గదులకు చేరితే ప్రాణానికే ముప్పు కాబట్టి, మధ్యలో ఉండే ఏవీ నోడ్ చాలావాటిని ఆపేస్తుంది. దాటి వచ్చినవి మాత్రం ఒక వరస లేకుండా వస్తాయి. అందుకే ఏఫిబ్‌లో నాడి పట్టుకుని చూస్తే ఏ రెండు బీట్ల మధ్యా ఒకే ఎడం ఉండదు. నాకు మొదట్లో ఎప్పుడో ఒకసారి వచ్చి కొన్ని గంటల్లో దానంతటదే తగ్గిపోయేది. రానురాను దగ్గర దగ్గరగా రావడం మొదలైంది, వచ్చింది ఒక పట్టాన వదిలేది కాదు. మెట్లెక్కితే ఆయాసం, పని మధ్యలో కళ్లు తిరగడం. మందులు మార్చి చూశారు. చివరికి అబ్లేషన్ చేయించుకోవడమే మంచిదన్నారు.

ఈ చికిత్స ఎలా వచ్చిందో తెలుసుకున్నాక నాకు దానిమీద నమ్మకం కలిగింది. 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో మిషెల్ ఐసగేర్, ఆయన బృందం ఒక సంగతి బయటపెట్టారు. ఏఫిబ్‌ను రాజేసే అదనపు సంకేతాలు చాలావరకు పుట్టేది ఊపిరితిత్తుల నుంచి ఎడమ పై గదికి రక్తం తెచ్చే సిరల్లోనే అని. వాళ్లు పరీక్షించిన 45 మంది పేషెంట్లలో అలాంటి చోట్లు 69 దొరికితే, వాటిలో 94 శాతం ఆ సిరల్లోనే ఉన్నాయి. అప్పటి నుంచి ఈ చికిత్సకు అదే పునాది. ఆ సిరలు గుండెను కలిసే చోట చుట్టూ వలయంలా కండను మాడ్చి మచ్చ కట్టేలా చేస్తారు. మచ్చలోంచి విద్యుత్ సంకేతం ప్రయాణించలేదు కాబట్టి సిరలో ఏం పుట్టినా గుండెలోకి రాదు. కొందరికి వేడితో, కొందరికి గడ్డకట్టించే చలితో, ఈమధ్య కొన్నిచోట్ల విద్యుత్ పల్సులతో చేస్తున్నారు. నాకు వేడితో చేశారు.

చేసే విధానం గురించి ఎక్కువ చెప్పను, ఆ సమయంలో నేను మత్తులో ఉన్నాను. గజ్జ దగ్గరున్న సిరలోంచి క్యాథెటర్లు అనే సన్నని గొట్టాలు పైకి పంపి, గుండె కుడి పై గది నుంచి మధ్య గోడకు సన్నని రంధ్రం చేసి ఎడమ గదిలోకి వెళ్తారు. మెలకువ వచ్చాక కాళ్లు చాపి కదలకుండా కొన్ని గంటలు వెల్లకిలా పడుకోవాలి. నిజం చెప్పాలంటే నాకు అన్నిటికంటే కష్టమనిపించింది అదే, నడుం పట్టేసింది. గట్టిగా ఊపిరి తీసుకుంటే ఛాతీలో సూదితో గుచ్చినట్టుండేది. గుండె చుట్టూ ఉండే పొర వేడికి కాస్త కందితే అలా ఉంటుందని, రెండు మూడు రోజుల్లో తగ్గుతుందని సిస్టర్ చెప్పింది. తగ్గింది కూడా. మానిటర్ మీద గీత మాత్రం ఎంత అందంగా ఉందో! ఒకే ఎడంలో, ఒకే ఎత్తులో బీట్ తర్వాత బీట్. ఇక అయిపోయింది, బయటపడ్డాను అనుకుంటూ ఇంటికొచ్చాను.

కానీ గుండె లోపల పని అప్పుడే మొదలైంది. మాడ్చిన చోట మచ్చ ఒక్క రోజులో కట్టదు. చెయ్యి కాలితే ముందు ఎర్రబడి, వాచి, ముట్టుకుంటే ఉలిక్కిపడేలా ఉండి, వారాల తర్వాత గానీ చర్మం గట్టిపడదు కదా, లోపలా అంతే. వాపున్న కండకు చిరాకెక్కువ. తనంతట తాను సంకేతాలు పుట్టిస్తుంది. అందుకే కోలుకునే తొలి వారాల్లో గుండె అంతకుముందు కంటే ఎక్కువ గొడవ చేసినా ఆశ్చర్యం లేదు. ఈ సంగతి అర్థమయ్యాక నా టెన్షన్ సగం తగ్గింది.

ఇంటికొచ్చిన తొలి వారంలోనే ఎక్టోపిక్ బీట్లు మొదలయ్యాయి. కూర్చుని ఏదో చదువుకుంటూ ఉంటే ఉన్నట్టుండి గుండె జారినట్టుండేది. ఒక క్షణం అసలు ఆగిపోయినట్టు, వెంటనే లోపలి నుంచి ఎవరో గట్టిగా తన్నినట్టు. ఒకటి వస్తే భయం. నాలుగైదు వరసగా వస్తే చేతులు చల్లబడిపోయేవి. డాక్టర్ గారు కాగితం మీద గీసి చూపించాక విషయం తెలిసింది. ఎక్టోపిక్ అంటే సమయానికి ముందే వచ్చే బీట్. అప్పటికి గుండె కింది గది పూర్తిగా నిండి ఉండదు కాబట్టి అది బలహీనంగా ఉంటుంది, చాలాసార్లు మణికట్టు దగ్గర నాడిలో తెలియనే తెలియదు. దాని తర్వాత చిన్న విరామం వస్తుంది. ఆ విరామంలో గది మామూలు కంటే ఎక్కువ నిండుతుంది, దాంతో తర్వాతి బీట్ బలంగా కొడుతుంది. అంటే నేను భయపడుతున్న ఆ తన్ను, గుండె సరిగ్గా పనిచేస్తూ కొట్టిన బీట్. ఆగిపోయిందనుకున్నప్పుడు అది ఆగలేదు, నిండుతోంది.

గుండె రోజుకు సుమారు లక్ష సార్లు కొట్టుకుంటుంది. అందులో కొన్ని వందలు ముందే వచ్చినా గుండెలో వేరే జబ్బు లేనివాళ్లకు సాధారణంగా ప్రమాదం లేదని, ఏ చికిత్సా చేయించుకోని ఆరోగ్యవంతులకు హోల్టర్ (ఒంటికి తగిలించుకుంటే రోజంతా గుండె లయను రికార్డు చేసే చిన్న యంత్రం) పెట్టి చూసినా ఇలాంటివి కనిపిస్తాయని ఆయన చెప్పారు. ఆ మాట విన్నంత మాత్రాన భయం పోలేదు. కానీ ప్రతి జారుడు తర్వాతా "నిండుతోంది" అని నాకు నేను చెప్పుకోవడం అలవాటు చేసుకున్నాను. కొన్నాళ్లకు అది పనిచేసింది.

ఇంకో మార్పు గురించి కూడా ముందుగా చెబితే బాగుండేది. అబ్లేషన్‌కు ముందు విశ్రాంతిగా ఉన్నప్పుడు నా నాడి 60ల్లో ఉండేది. తర్వాత 80 దాటి, ఒక్కోసారి 90 దగ్గర ఉండేది. లయ సరిగ్గానే ఉంది, వేగమే పెరిగింది. ఆ సిరల మొదట్లోనే గుండెను నెమ్మదింపజేసే నరాల ముడులు ఉంటాయట. మాడ్చేటప్పుడు వాటిలో కొన్నిటికి కూడా వేడి తగులుతుంది, అందుకే కొన్ని నెలలపాటు నాడి 10 నుంచి 20 దాకా ఎక్కువ ఉండటం చాలామందిలో కనిపిస్తుంది. నాకు నెలలు గడిచే కొద్దీ దిగింది, పూర్తిగా పాత అంకెకు మాత్రం రాలేదు. దానివల్ల ఇబ్బందేమీ లేదు.

అసలు దెబ్బ ఇంకో రెండు మూడు వారాలకు తగిలింది. అర్ధరాత్రి మెలకువ వచ్చింది. ఇది ఎక్టోపిక్ కాదని లేవకముందే తెలిసిపోయింది. ఏఫిబ్ ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఛాతీలో ఆ గజిబిజి, గొంతు దాకా వచ్చే కొట్టుకోవడం. వాచీలో ఈసీజీ తీస్తే ఏఫిబ్ అనే వచ్చింది, వేగం 130కీ 150కీ మధ్య. మా ఆయన్ని లేపాను. "ఏమండీ, మళ్లీ వచ్చేసింది, అంతా వృథా అయిపోయింది" అని ఏడ్చేశాను. ఆయన ముందు కాగితం తీసి, డాక్టర్ గారు రాసిచ్చిన ప్రశ్నలు ఒక్కొక్కటి అడిగారు. ఛాతీలో నొప్పి ఉందా? స్పృహ తప్పేలా ఉందా? కూర్చున్నా ఆయాసం వస్తోందా? మాట తడబడుతోందా? మొహం గానీ చెయ్యి గానీ ఒక పక్కకు లాగుతోందా? రక్తం పలచబడే మాత్ర ఏ పూటైనా తప్పిందా? అన్నిటికీ లేదనే సమాధానం. ఫోన్ చేస్తే, వేగం తగ్గించే మాత్ర అదనంగా ఒకటి వేసుకుని పడుకోమని, తెల్లారేసరికి తగ్గకపోతే, లేదా వాటిలో ఏ ఒక్కటి మొదలైనా రమ్మని చెప్పారు.

తగ్గలేదు. ఆసుపత్రిలో ఈసీజీ తీసి చూసి షాక్ ఇద్దామన్నారు. పేరు వినగానే బెదిరిపోతాం గానీ, కొద్ది నిమిషాల మత్తులో అయిపోయే పని అది. గుండె కొట్టుకునే తీరును చూసుకుని, ప్రమాదం లేని క్షణంలోనే షాక్ పడేలా యంత్రం సమయం కుదురుస్తుంది. ఈ పద్ధతిని 1960ల మొదట్లో బెర్నార్డ్ లౌన్ అనే డాక్టర్ ప్రవేశపెట్టారు. లేచేసరికి లయ మామూలైంది, ఛాతీ మీద చర్మం కాస్త కందింది. షాక్ ఇచ్చే ముందు వాళ్లు నన్ను రెట్టించి రెట్టించి అడిగింది ఒకటే: రక్తం పలచబడే మందు గత కొన్ని వారాల్లో ఒక్క డోసు కూడా తప్పలేదు కదా అని. పై గది వణుకుతున్నంతసేపూ దాని మూలనున్న చిన్న సంచిలాంటి చోట రక్తం నిలిచి గడ్డకట్టే అవకాశం ఉంది. లయ ఒక్కసారిగా సరైతే ఆ గడ్డ కదిలి మెదడుకు చేరవచ్చు, అదే పక్షవాతం. డోసు తప్పి ఉంటే ముందు అన్నవాహికలోకి గొట్టం పంపి గడ్డ ఉందేమో చూడాల్సి వచ్చేది.

ఆ రోజు డాక్టర్ గారితో జరిగిన మాటలు నాకు బాగా గుర్తున్నాయి. "అయితే అబ్లేషన్ ఫెయిలైనట్టేనా డాక్టర్ గారూ?" అని అడిగాను.

"ఇప్పుడే ఆ మాట అనలేం అమ్మా. లోపల ఇంకా వాపుంది. ఈ తొలి వారాల్లో వచ్చిందాన్ని మేం ఫెయిల్యూర్ లెక్కలో వేయం. దీనికంటూ ఒక గడువుంది, అది అయ్యాక చూసి చెబుతాను."

ఆ గడువును బ్లాంకింగ్ పీరియడ్ అంటారు. చాలా ఏళ్లపాటు మూడు నెలలుగా లెక్కేసేవారు. 2024లో వచ్చిన అంతర్జాతీయ నిపుణుల నివేదిక దాన్ని ఎనిమిది వారాలకు కుదించింది. ఆ గడువులో ఏఫిబ్ తిరిగి రావడం చాలా మామూలు విషయం. అలా వచ్చినవాళ్లకు తర్వాత కూడా వచ్చే అవకాశం, అసలు రానివాళ్లతో పోలిస్తే ఎక్కువే. ఈ సంగతి ఆయన దాచలేదు, దాచనందుకు నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. కానీ అలా తొలి వారాల్లో వచ్చి, మచ్చ గట్టిపడ్డాక మళ్లీ రానివాళ్లు కూడా చాలామంది ఉన్నారని చెప్పారు. కొన్ని వారాల కోసం అమియోడరాన్ అనే, లయ తప్పకుండా చూసే మందు మొదలుపెట్టారు. అది థైరాయిడ్ మీద, లివర్ మీద ప్రభావం చూపిస్తుంది కాబట్టి రక్తపరీక్షలు చేయించుకుంటూ, ఎండలో చర్మం కందకుండా చూసుకుంటూ వాడాలి.

ఆ తర్వాత నేను చేసిన ముఖ్యమైన పని, వచ్చే దడలను విడదీసి గుర్తుపట్టడం నేర్చుకోవడం. దడ అనే ఒక్క మాట కింద అన్నిటినీ వేసినంతకాలం ప్రతిదానికీ ఒకే భయం. విడదీశాక దేని జవాబు దానికుంది. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే లయ తప్పినప్పుడు లెక్క తప్పుతుంది. వరసగా వస్తూ మధ్యలో ఒక్కటి ముందే పడి, ఆగి, మళ్లీ వరస అందుకుంటే అది ఎక్టోపిక్. మొదలు నుంచి చివరి దాకా ఏ వరసా దొరక్కపోతే ఏఫిబ్ అని అనుమానించాలి. వరసగానే ఉండి వేగం మాత్రం ఎక్కువుంటే, కాసేపు పడుకుని మళ్లీ చూడాలి. మామూలు లయ అయితే విశ్రాంతికి మెల్లగా దిగుతుంది, ఊపిరితో పాటు కొద్దిగా మారుతుంది. పడుకున్నా కూర్చున్నా ఒకే అంకె దగ్గర, అంటే 140, 150 అలా కదలకుండా నిలిచిపోతే అది ఫ్లటర్ (పై గదులు వరసగానే, కానీ మరీ వేగంగా కొట్టుకునే లయ దోషం) లాంటిది కావచ్చు. అబ్లేషన్ తర్వాత మచ్చల చుట్టూ సంకేతం గిరగిరా తిరుగుతూ అలాంటివి పుట్టే అవకాశం ఉంది. నాడి వరసగా ఉంది కదా అని దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు, ఈసీజీ తీయించుకోవాలి.

ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. ఎప్పుడు వచ్చింది, అప్పుడేం చేస్తున్నాను, ఎలా అనిపించింది, వాచీ ఈసీజీలో ఏముంది, ఎంతసేపు ఉంది. కొన్ని పేజీలు నిండాక నేను అనుకోనిది కనిపించింది. గుండె పిచ్చిగా కొట్టుకుంటోందని నేను రాసుకున్న చాలా సందర్భాల్లో ఈసీజీ పూర్తిగా మామూలుగా ఉంది. ఇంకోవైపు, ఈసీజీలో ఎక్టోపిక్స్ కనిపించిన కొన్నిసార్లు నాకేమీ తెలియలేదు. ఏఫిబ్‌తో ఏళ్లు గడిపినవాళ్ల మనసు గుండె మీదే ఉంటుంది, ప్రతి చిన్న కదలికా పెద్దగా వినిపిస్తుంది. ఆ నోట్‌బుక్ లేకపోతే నాకు ఈ సంగతి ఎవరు చెప్పినా నమ్మేదాన్ని కాదు.

వాచీ విషయంలో ఒక మాట. అది ఒక్క లీడ్ ఈసీజీ, అంటే గుండెను ఒక్క కోణం నుంచి చూసేది మాత్రమే తీస్తుంది, చెయ్యి కదిలితే, ఎక్టోపిక్స్ ఎక్కువుంటే ఏమీ తేల్చలేకపోతుంది. ఆ రికార్డింగును డాక్టర్ చూస్తేనే దానికి విలువ. నేను మొదట్లో గంటకోసారి తీస్తుండేదాన్ని, ప్రతిసారీ తీసే ముందు గుండె వేగం పెరిగేది. మా అమ్మాయి గమనించి, "అమ్మా, పొద్దున ఒకసారి, పడుకునే ముందు ఒకసారి, ఏదైనా అనిపించినప్పుడు ఒకసారి, అంతే" అని చెప్పింది. డాక్టర్ గారు కూడా అది సరిపోతుందన్నారు. ఆ మాట పాటించడం మాత్రం తేలిక కాలేదు. వాచీ తీసి పక్క గదిలో పెట్టిన పూటలు నాకు అన్నిటికంటే హాయిగా ఉండేవి.

రాత్రుళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే పగలు ఎలాగోలా గడిచిపోతుంది. ఇల్లు సద్దుమణిగాక గుండె చప్పుడొక్కటే మిగులుతుంది. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే గుండె ఛాతీ గోడకు దగ్గరగా వస్తుంది, కొట్టుకోవడం ఇంకా బాగా తెలుస్తుంది. కుడి పక్కకు తిరిగి, తల కింద కాస్త ఎత్తు పెట్టుకుంటే నాకు తగ్గేది. నాడి నెమ్మదించినప్పుడు రెండు బీట్ల మధ్య ఎడం పెరుగుతుంది, ఎక్టోపిక్ చొరబడటానికి చోటు దొరుకుతుంది. అందుకే విశ్రాంతిగా ఉన్నప్పుడే ఎక్కువ వచ్చేవి, లేచి నాలుగడుగులు నడిస్తే మాయమయ్యేవి. నడిస్తే తగ్గుతున్నాయంటే అది మంచి గుర్తే అని డాక్టర్ గారన్నారు. నడకతో పెరిగితే, లేదా నడిచేటప్పుడు కళ్లు తిరిగితే మాత్రం తప్పకుండా చెప్పమన్నారు.

భయానికీ ఎక్టోపిక్‌కూ మధ్య ఒక చక్రం ఉంది. ఒక బీట్ తప్పుతుంది, భయం వేస్తుంది, ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, అది చిరాగ్గా ఉన్న కండను ఇంకా రెచ్చగొడుతుంది, మళ్లీ బీట్ తప్పుతుంది. దాన్ని తెంచడానికి నాకు పనికొచ్చింది నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం. నాలుగు లెక్కపెడుతూ లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి, కొన్ని నిమిషాలపాటు. ఇది ఏఫిబ్‌ను ఆపదు, ఆ భ్రమ ఎవరికీ వద్దు. కానీ నన్ను ఆ చక్రంలోంచి బయటికి తెచ్చేది. అలాగే సరిగ్గా నీళ్లు తాగని రోజున, నిద్ర చాలని మర్నాడు, కడుపు నిండా తిని వెంటనే పడుకున్నప్పుడు ఎక్టోపిక్స్ పెరగడం నోట్‌బుక్‌లో స్పష్టంగా కనిపించింది. రక్తంలో పొటాషియం, మెగ్నీషియం తక్కువైనా ఇలా అవుతుందని పరీక్ష చేశారు, నాకు సరిగ్గానే ఉన్నాయి. వాటి మాత్రలు సొంతంగా కొనుక్కుని వేసుకోకండి, కిడ్నీలు సరిగా పనిచేయనివాళ్లకు ప్రమాదం.

ఇప్పుడు ఊరుకోకూడని వాటి గురించి. ఈ భాగాన్ని ఇంట్లోవాళ్లతో కూడా చదివించండి. మొహం వాలిపోవడం, చెయ్యీ కాలూ పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే అది పక్షవాతం కావచ్చు, అప్పుడు నిమిషాలు కూడా విలువైనవే. స్పృహ తప్పినా, ఛాతీనొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, పడుకుంటే ఊపిరాడకపోయినా అంబులెన్సు పిలవాలి. గజ్జ దగ్గర కమిలి నీలం, పసుపు రంగులు తిరగడం మామూలే, అది కిందికి తొడ మీదకు జారినట్టు కనిపించినా భయం లేదు. కానీ గడ్డలా గట్టిగా పెరుగుతున్నా, నొప్పితో కొట్టుకుంటున్నట్టున్నా చూపించుకోవాలి. రక్తం కారితే వెల్లకిలా పడుకుని ఇంకొకరిచేత గట్టిగా అదిమిపట్టించాలి, పది నిమిషాల్లో ఆగకపోతే ఎమర్జెన్సీ.

అన్నిటికంటే తక్కువమందికి తెలిసింది, అన్నిటికంటే ప్రమాదకరమైంది ఇంకొకటుంది. గుండె ఎడమ పై గదికి సరిగ్గా వెనకే అన్నవాహిక ఉంటుంది. గదిలో పెట్టిన వేడి చాలా అరుదుగా దానికి కూడా తగిలి, కొన్ని వారాల తర్వాత రెంటికీ మధ్య రంధ్రం పడుతుంది. అందుకే కడుపులో యాసిడ్ తగ్గించే మాత్ర కొన్ని వారాలు ఇస్తారు, గ్యాస్ మాత్రే కదా అని మానేయకూడదు. అబ్లేషన్ అయిన రెండు నెలల్లోపు జ్వరం, చలి, గుటక వేస్తే నొప్పి, కొత్తగా ఛాతీనొప్పి, పక్షవాతం లాంటి లక్షణాలు ఏవి వచ్చినా, ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ముందు "నాకు అబ్లేషన్ అయింది" అని చెప్పాలి. దీన్ని సీటీ స్కాన్‌తో చూస్తారు. మామూలు గొంతునొప్పో అల్సరో అనుకుని ఎండోస్కోపీ చేస్తే అందులో ఊదే గాలి గుండెలోకి వెళ్లి ప్రాణం మీదకు రావచ్చు. నాకు మధ్యలో మామూలు జ్వరం వచ్చింది. అదేరోజు ఫోన్ చేశాను, రమ్మన్నారు, పరీక్షించి అంతా బాగుందన్నాక పంపారు. దానికి వాళ్లు విసుక్కోలేదు.

మామూలు పనులకు తిరిగి రావడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. తొలి వారం బరువులెత్తలేదు, గజ్జ మీద ఒత్తిడి పడే పనులు చేయలేదు. తర్వాత ఇంటి చుట్టూ నడక, రోజురోజుకూ కాస్త ఎక్కువ. అలసట మాత్రం నేను అనుకున్నదానికంటే ఎక్కువకాలం ఉంది. మధ్యాహ్నానికి ఒళ్లు బరువెక్కేది. అమియోడరాన్‌తో పాటు వాడిన బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మందు) కూడా అందుకు కొంత కారణమని తర్వాత తెలిసింది. మొదటి రోజుల్లో రెండుసార్లు కళ్ల ముందు వంకర టింకరగా వెలుగు గీతలు మెరిసి కాసేపటికి పోయాయి. గుండె మధ్య గోడకు రంధ్రం చేసినవాళ్లలో కొందరికి మైగ్రేన్ లాంటి ఈ మెరుపులు కొన్నాళ్లు వస్తాయట. చూపుకు సంబంధించింది కాబట్టి దాన్ని కూడా వెంటనే చెప్పాను, చెప్పడమే సరైనదని అన్నారు.

గడువు ముగిసేసరికి నోట్‌బుక్‌లో పేజీలు ఖాళీగా ఉండటం మొదలైంది. ఎక్టోపిక్స్ రోజుల తరబడి రాని వారాలున్నాయి, ఉన్నట్టుండి ఒక సాయంత్రం వరసపెట్టి వచ్చి మళ్లీ పోయిన సందర్భాలూ ఉన్నాయి. తిన్నగా తగ్గుతూ పోలేదు, కానీ చెడ్డ రోజుల మధ్య దూరం పెరిగింది. అమియోడరాన్ ఆపారు. ఆపిన తర్వాత కొంతకాలం దాని ప్రభావం ఒంట్లో ఉంటుంది కాబట్టి, అది పూర్తిగా పోయాక హోల్టర్ పెట్టారు. రిపోర్టులో పై గదుల నుంచి వచ్చిన ఎక్టోపిక్స్ కొన్ని ఉన్నాయి, ఏఫిబ్ లేదు. షాక్ ఇచ్చిన రోజు తర్వాత ఇప్పటిదాకా అది మళ్లీ కనిపించలేదు. ఎప్పటికీ రాదని ఎవరూ మాటివ్వలేదు. మాడ్చిన వలయంలో ఎక్కడైనా సందు ఏర్పడి సంకేతం మళ్లీ దాటితే రెండోసారి అబ్లేషన్ అవసరం కావచ్చు, అలా చేయించుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. బీపీ అదుపులో ఉంచుకోవడం, బరువు తగ్గించుకోవడం, గురక ఉంటే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) పరీక్ష చేయించుకుని దానికి చికిత్స తీసుకోవడం, మద్యానికి దూరంగా ఉండటం, వీటివల్ల తిరిగి వచ్చే అవకాశం తగ్గుతుంది. నాకు బీపీ ఉంది, దానిమీద ఇప్పుడు ఎక్కువ శ్రద్ధ పెడుతున్నాను.

చివరిసారి వెళ్లినప్పుడు రక్తం పలచబడే మందు ఇక ఆపేయొచ్చా అని అడిగాను. అబ్లేషన్ తర్వాత కనీసం రెండు నెలలు అందరూ వాడాలి, ఆ తర్వాత వాడాలా వద్దా అన్నది గుండె లయ ఎలా ఉందన్నదాన్ని బట్టి ఉండదు, పక్షవాతం వచ్చే ముప్పు ఎంతుందన్నదాన్ని బట్టి ఉంటుందని డాక్టర్ గారు చెప్పారు. నాకు 65 దాటాయి, బీపీ ఉంది, ఆ రెండూ లెక్కలోకి వస్తాయి. పైగా ఏఫిబ్ వచ్చినా ప్రతిసారీ మనకు తెలియాలని లేదు. కాబట్టి ఆ మాత్ర కొనసాగుతోంది, పూట తప్పకుండా వేసుకుంటున్నాను. ఏడాది నిండాక మళ్లీ హోల్టర్ పెడతామన్నారు. ఈలోపు నోట్‌బుక్ రాయడం ఆపొద్దని కూడా చెప్పారు, ఇప్పుడు అందులో వారానికి ఒకటి రెండు వాక్యాలే ఉంటున్నాయి.